మెట్ల బావి గోడ మీద టేపు సారుకు ఫ్లెక్సీ - ఇదేం నివాళి?

మత్తడి_పోరడు
నిన్న పొద్దున పాలకు పోతూ చూశాను. మా వరంగల్‌లో, మా వాడ మెట్ల బావి గోడకు పన్నెండు అడుగుల ఫ్లెక్సీ. మధ్యలో టేపు సారు ఫొటో, చుట్టూ ఎనిమిది మంది నాయకులు. సారు తలకాయ కంటే వాళ్ల తలకాయలే పెద్దగా ఉన్నాయి. "ప్రథమ వర్ధంతి సందర్భంగా ఘన నివాళి" అట. కట్టినవాళ్లు తాడు కూడా వాడలేదు, నేరుగా రాళ్ల సందుల్లోకి మేకులు దించారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. చెరువులు, పాత కట్టడాల కోసం టేపుతో కొలిచి అర్జీలు పెట్టిన ఈ మనిషి బతికున్నన్ని రోజులు ఆ గోడకు ఒక్క పోస్టర్ అంటనివ్వలేదు. ఎలక్షన్లప్పుడు అర్ధరాత్రి బకెట్, కొబ్బరి పీచు పట్టుకొని పోయి, మైదా గంజి ఆరకముందే గీకేసేవాడు. అలాంటి మనిషిని తీసుకుపోయి అదే గోడకు కొట్టారు. నాకైతే కడుపు మండింది. తీసేద్దామా, ఊరుకుందామా? తీస్తే "సారు ఫొటో చింపిండు" అని నా మీదనే పడతారు. ఏ వాడ, ఏ బావి అని మాత్రం ఇక్కడ అడగకండి, ఇంట్లో ఇప్పటికే టెన్షన్.

ఎనుమాముల_మిర్చి
సారు ఉంటే ముందు ఆ ఫ్లెక్సీని కొలిచేవాడు. తర్వాత పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, "దీనికి పర్మిషన్ ఎవరిచ్చారు, ఫీజు ఎంత కట్టారు" అని సమాచార హక్కు కింద అడిగేవాడు. తన వర్ధంతి ఫ్లెక్సీ మీద తనే.

దర్రీ_దారం
😂 ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు కూడా వేస్తాడు. పైనుంచి.

డల్లాస్_హన్మకొండ
నేను 2009లో ఊరు వదిలాను. టేపు సారు అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు కింద కూర్చొని ఉర్దూ కాయితాలు చదివే ఆయనేనా? కళ్లద్దాలకు దారం కట్టుకునేవాడు?

పాత_పహాణీ
ఆయనే. పద్నాలుగేళ్లు ఆయన పక్క టేబుల్ నాది. నేనూ దస్తావేజులు రాసేవాడినే.

నిజాం కాలం సేత్వార్లు, 1954-55 ఖాస్రా పహాణీ లాంటి ఉర్దూ భూమి రికార్డులు చదవాలంటే ఊరంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. షికస్తా అనే గజిబిజి ఉర్దూ గొలుసు రాతను పేపర్ చదివినట్టు చదివేవాడు. ఆ చదువే ఆయనను ఆగం చేసింది అనుకోండి. ఒకరోజు ఒక పార్టీ ప్లాట్ల అమ్మకం రాయించడానికి వచ్చింది. సర్వే నంబర్ చూసి సారు పెన్ను పక్కన పెట్టాడు. పాత పహాణీలో ఆ నంబర్ శిఖం, అంటే కుంట నిండితే మునిగే భూమి. "నేను రాయ. నీళ్ల మీద ఇల్లు నా చేతితోని రాయించకు" అన్నాడు. వాళ్లు లేచి నాలుగు టేబుళ్ల అవతల కూర్చున్నారు, అరగంటలో పని అయిపోయింది. రాసినవాడికి పండగే. ఎవరు రాశారని అడగకండి, నేను కాదు.

ఆ సాయంత్రమే ఆయన మొదటి అర్జీ రాశాడు. అప్పటిదాకా పక్కవాళ్లతో పొలిటిక్స్ కూడా మాట్లాడని మనిషి. తర్వాత గిరాకీ తగ్గింది. ఈయన దగ్గరికి పోతే లేనిపోని లొల్లి అని రియల్ ఎస్టేట్ వాళ్లు రావడం మానేశారు. ఇంట్లో సంగతి నాకు తెలుసు, రాయను.

హంటర్‌రోడ్_ముంపు
నన్ను చెప్పనివ్వండి. 2012లో నేను ప్లాటు కొనేటప్పుడు ఈయనకు కాయితాలు చూపించాను. తెల్ల కాగితం మీద గీత గీసి చూపించాడు. పైచెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే నీళ్లు ఎటు పోతాయి, కిందచెరువు ఎక్కడ, మధ్యలో నేను కొనే ప్లాటు ఎక్కడ. కాకతీయుల గొలుసుకట్టు చెరువులు అని స్కూల్లో చదువుకున్నాం కదా, ఆ గొలుసులో ఒక కొక్కెం మీద నేను ఇల్లు కడుతున్నానన్నమాట. "వద్దు" అన్నాడు. అప్రూవ్డ్ లేఅవుట్ అని నేను కొన్నాను.

2020 ఆగస్టులో ఇంట్లో ఛాతీ దాకా నీళ్లు. నయీంనగర్, హంటర్ రోడ్ వైపు బోట్లు తిరిగిన వారం అది. నీళ్లు తీశాక సారు వచ్చాడు. వచ్చీరాగానే "చెప్పిన్నా, లేదా?" అన్నాడు. కొట్టాలనిపించింది. తర్వాత గోడ మీద నీళ్లు వచ్చిన మట్టం దగ్గర సుద్దతో గీత గీసి తారీఖు వేశాడు. "రంగులేసినా దీన్ని ఉంచు" అన్నాడు. మా ఆవిడ దీపావళికి రంగులేయించింది, ఆ గీత చుట్టూ జానెడు జాగా వదిలి. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడ్డ వానలో మళ్లీ మునిగాం. ఈసారి గీతకు రెండు వేళ్లు కింద. ఆ రెండో గీత నేనే గీశాను.

డల్లాస్_హన్మకొండ
ఇంకా అదే ఇంట్లో ఉంటున్నారా?

హంటర్‌రోడ్_ముంపు
లోన్ 2031 దాకా ఉంది అన్నా.

మండీ_కిరాణం
అందరూ దండలు వేస్తున్నారు కాబట్టి ఒక్కడైనా వేరే మాట చెప్పాలి. చనిపోయినవాళ్ల గురించి చెడు రాయకూడదంటారు కానీ ఇది నిజం. మా గల్లీ వెడల్పు చేస్తామంటే నాలుగేళ్లు ఆపించింది ఈయనే. అరుగులున్న పాత ఇండ్లు, చెక్కిన దర్వాజలు, మిద్దెలు పోతాయని. ఆ ఇండ్లలో ఉండేది మేము. వానొస్తే కారేది మా మీద. 2018లో మా అమ్మకు రాత్రి గుండెనొప్పి వస్తే అంబులెన్స్ గల్లీ మొదట్లో ఆగిపోయింది. నవారు మంచం మీద మోసుకుపోయాం. దవాఖానకు చేరేసరికి లేటయింది. దర్వాజ మాత్రం అట్లనే ఉంది, ఫొటోలు తీసుకోవడానికి కాలేజీ పిల్లలు వస్తారు.

దర్రీ_దారం
ఇది వినలేదు. సారీ అన్నా.

పాత_పహాణీ
@మండీ_కిరాణం మీ గల్లీ ఫైలు నాకు గుర్తుంది. వద్దని మాత్రమే రాయలేదు ఆయన. కరెంటు స్తంభాలు ఏడు, ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి గోడవారకు జరిపితే ఒక్క ఇల్లు కూల్చకుండా బండి పట్టేంత జాగా వస్తుందని కొలతలు వేసి ఇచ్చాడు. మూడుసార్లు ఇచ్చాడు.

మండీ_కిరాణం
ఆ సంగతి ఇప్పుడే తెలిసింది. జరిపారా?

పాత_పహాణీ
లేదు.

మండీ_కిరాణం
మరి అటు వెడల్పూ కాలేదు, ఇటు స్తంభాలూ జరగలేదు. మా అమ్మ మంచం మీదే పోయింది. మంచి ఆలోచన కాయితంలో ఉంటే మాకేం లాభం.

కోటలోపలి_కోడలు
@మండీ_కిరాణం మీ కోపం నాకు అర్థమవుతుంది. మేము కోట లోపల ఉంటాం. పెళ్లై వచ్చి పదహారేళ్లు. మా కోటలోని కీర్తి తోరణం రాష్ట్ర రాజముద్రలో ఉంది, చాలా సంతోషం, మా బాత్రూం మాత్రం రేకుల కిందే ఉంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం నుంచి వంద మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లకు పర్మిషన్ కావాలి. 2010లో చట్టం గట్టిగా బిగించాక ఇటుక దింపితే చాలు మనిషి వస్తాడు.

మా మామయ్య పైన రెండు గదులు మొదలుపెడితే కంప్లయింటు ఇచ్చింది టేపు సారే. పిల్లర్ల దగ్గర ఆగిపోయింది. ఆ ఇనుప చువ్వల మీద ఇప్పటికీ బట్టలు ఆరేస్తాను. మామయ్య ఆయన పేరు ఎత్తితే ఉమ్మేసేవాడు.

రెండేళ్ల తర్వాత వానకు వెనక గోడ కూలింది. రిపేరుకు కూడా పర్మిషన్ ఇవ్వరని అందరూ భయపెట్టారు. ఎవరు చెప్పారో ఏమో, సారు సంచి వేసుకొని వచ్చాడు. మామయ్య లోపలికి రమ్మనలేదు. ఆయన గడప మీదే కూర్చున్నాడు. "కొత్తది కట్టుడు వేరు, ఉన్నదాన్ని నిలబెట్టుకునుడు వేరు. దానికి పర్మిషన్ ఉంటది" అని మూడు గంటలు కూర్చొని ఫారం నింపాడు. గోడ పొడవు, ఎత్తు, ఫొటోలు ఎట్లా తీయాలో కూడా చెప్పాడు. నేనిచ్చిన చాయ తాగి చక్కెర తక్కువైందని ఇంకో కప్పు అడిగాడు. పర్మిషన్ వచ్చింది, గోడ లేచింది. మామయ్య పోయినేడు సారు దినాలకు పోయి వచ్చాడు. ఏం మాట్లాడలేదు.

కాజీపేట_జంక్షన్
చక్కెర తక్కువైందని ఇంకో కప్పు అడగడం 😂 మా ఇంట్లో ఉప్మాకు కూడా అదే చేశాడు.

సైటింజనీర్
ఆయన టేపు కథ ఎవరూ చెప్పలేదేంటి? ముప్పై మీటర్ల టేపు. మొదటి మీటరు ఎప్పుడో తెగిపోయింది. ఒకటి దగ్గర పట్టుకొని కొలిచి, చివర్లో ఒకటి తీసేసేవాడు. ఒకసారి ఒక బిల్డర్ మీటింగ్‌లో "తెగిన టేపుతో కొలిచే మనిషి మాట వింటారా" అని ఎగతాళి చేశాడు. సారు ఆ టేపే ఇచ్చి "నువ్వు కొలువు, ఒకటి తీసెయ్యి" అన్నాడు. అందరి ముందు కొలిచారు. పది హెక్టార్ల లోపు కుంట కాబట్టి దాని అంచు నుంచి తొమ్మిది మీటర్లు ఖాళీగా వదలాలి. పెద్ద చెరువైతే ముప్పై. అక్కడ ఆరు కూడా లేదు.

కుంటకట్ట_కాపురం
ఆ టేపు వల్ల దెబ్బతిన్న ఇల్లు మాది. కథ పూర్తిగా చెప్తా.

కాలేజీ పిల్లలు ఎవరో సారుకు కొత్త టేపు కొనిచ్చారు. మొదటి మీటరు సుబ్బరంగా ఉంది. దాంతో మా ప్రహరీ కొలిచాడు. తొమ్మిదిన్నర వచ్చింది. అలవాటు కొద్దీ ఒకటి తీసేశాడు! ఎనిమిదిన్నర అని కంప్లయింటు పెట్టాడు. మాకు నోటీసు వచ్చింది. మా నాన్న పదిహేను రోజులు నిద్రపోలేదు, అప్పు చేసి కట్టిన గోడ. సర్వేయర్ వచ్చి కొలిస్తే గోడ సక్రమం.

సారు ఆ సాయంత్రమే వచ్చాడు. వాకిట్లో నిలబడి, వాడంతా వినేటట్టు "తప్పు నాది, ఒకటి తీసేసిన" అన్నాడు. కంప్లయింటు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసిన కాయితం మా నాన్న చేతిలో పెట్టి, నకలు గోడకు అంటించమన్నాడు. గోడలకు కాయితాలు అంటించొద్దని కొట్లాడే మనిషి మా గోడకు అంటించమన్నాడు చూడండి. కొత్త టేపు మళ్లీ వాడలేదు. తెగినదాన్నే వాడాడు, దాన్ని నమ్మొచ్చని.

ఎనుమాముల_మిర్చి
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా నాకు నచ్చిన పోస్టు ఇదే.

మండీ_కిరాణం
మా దగ్గరికి కూడా వచ్చుంటే బాగుండు.

తంగేడు_గునుగు
మా కుంట సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. సగం పూడ్చేశారు, లారీల్లో మొరం తెచ్చి, రాత్రిళ్లు. సారు అర్జీల మీద అర్జీలు పెడుతున్నాడు, ఏం కదలడం లేదు. ఒక సోమవారం, అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఆడవాళ్లం నలుగురం రావాలన్నాడు. "మేమొచ్చి ఏం మాట్లాడాలె?" అంటే "ఏం మాట్లాడకండి, బతుకమ్మను పేర్చుకొని రండి" అన్నాడు. పండగ ఇంకా పది రోజులుంది. తంగేడు సరిగ్గా పూయనే లేదు. దొరికిన గునుగు, బంతి, గుమ్మడి పూలతో తాంబాళంలో చిన్నది పేర్చి తీసుకుపోయాం. లైన్లో నిలబడ్డాం. ముందున్న ముసలాయన పింఛను కోసం వచ్చాడు, వెనకామె రేషన్ కార్డు. మా వంతు వచ్చాక సారు కాయితం ఇచ్చి ఒకే మాట అన్నాడు: "ఈమెను ఎక్కడ సాగనంపాలె సార్?"

ఆ ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. బూట్లు విప్పాలా వద్దా అని ఒక్క క్షణం తికమకపడటం నేను కళ్లారా చూశాను. వారంలో హద్దురాళ్లు పడ్డాయి. పూడ్చిన సగం తిరిగి రాలేదు, అది నిజం. మిగిలిన సగంలో ఇప్పటికీ వేస్తున్నాం. మా చెల్లెలి కాలనీలో ప్లాస్టిక్ టబ్బులో వేస్తారు.

దర్రీ_దారం
అక్కా, ఇది చదువుతుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

మా కొత్తవాడలో ఆయన వేరేలా గుర్తు. నేల మీద పరుచుకునే మా నేత దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అందరూ ఫొటోలు దిగారు. సారు వచ్చి మగ్గాలు లెక్కపెట్టాడు. ప్రతి ఇంటికీ పోయి, నడిచేవి ఎన్ని, మూలకు పెట్టినవి ఎన్ని. అంకె ఎవరికీ చెప్పలేదు, జేబులో పెట్టుకొని పోయాడు. అప్పుడు విచిత్రంగా అనిపించింది.

కాజీపేట_జంక్షన్
లెక్కపెట్టడం ఆయన జబ్బు. 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లులో వాళ్ల నాన్న పనిచేసేవాడు. మిల్లు మూతపడి, స్థలం ముక్కలై, ప్లాట్లు అయ్యాక కూడా "ఇక్కడ స్పిన్నింగ్, ఇక్కడ గేటు" అని అడుగులతో కొలిచి చూపించేవాడు. 2021లో సెంట్రల్ జైలు కూల్చినప్పుడు రోడ్డవతల నిలబడి పొద్దంతా చూశాడు. దవాఖాన కడుతున్నారు కదా సారూ, మంచిదే కదా అన్నాను. "మంచిదే. కానీ ఎన్ని రాళ్లు ఎటు పోయినయో ఎవరన్నా రాసుకోవాలె గదా" అన్నాడు.

డల్లాస్_హన్మకొండ
రాళ్లకు కూడా లెక్కా!

కాజీపేట_జంక్షన్
దానికో కారణం ఉంది. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపం 2006లో విప్పారు గుర్తుందా? రాళ్లకు నంబర్లు వేసి పక్కన పెట్టారు. ఏళ్లకేళ్లు అట్లనే పడి ఉన్నాయి. పిల్లలు వాటి మీద కూర్చొని పల్లీలు తినేవాళ్లు. మనందరికీ అలవాటైపోయింది. ఈయన ఏడాదికోసారి పోయి నంబర్లు చెరిగిపోతున్నాయా అని చూసి ఉత్తరం రాసేవాడు. 2024 శివరాత్రికి మండపం తెరిచారు. పద్దెనిమిదేళ్లు. ఆ రోజు నేను ఆయనతో పోయాను. భుజానికి సంచి లేదు. అదొక్కసారే ఆయనను సంచి లేకుండా చూశాను. స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు, వెనకనుంచి జనం తోస్తుంటే జరగలేదు. ఒక సెక్యూరిటీ పోరడు "ముసలాయనా నడువు" అన్నాడు. నాకే కోపం వచ్చింది, ఆయన నవ్వాడు.

సైటింజనీర్
ఆ సంచి ఇప్పుడు ఎక్కడుంది?

పాత_పహాణీ
నా దగ్గర. సారు ఇంట్లో అమ్మగారు ఇచ్చారు. "ఇంట్లో పెట్టుకుంటే పిల్లలు అట్టలు వేసుకుంటరు, నువ్వు తీసుకుపో" అన్నారు. సంచి ఒక్కటే కాదు, రెండు రేకు డబ్బాలు కూడా. అర్జీల నకళ్లు, అక్నాలెడ్జ్‌మెంట్లు సంవత్సరం వారీగా సుతిలితో కట్టి ఉన్నాయి. @దర్రీ_దారం మీ మగ్గాల లెక్క కూడా ఉంది, ఇంటి నంబర్లతో. మీ ఇంటి దగ్గర "ఒకటి నడుస్తది, ఒకటి మంచం కింద" అని రాశాడు.

దర్రీ_దారం
మంచం కింద ఉన్నది చూశాడా!! మా నాన్న దాచిపెట్టాడు దాన్ని.

మత్తడి_పోరడు
నా ప్రశ్న మరిచిపోయారు అందరూ. ఫ్లెక్సీ??

కోటలోపలి_కోడలు
తీసెయ్యి తమ్ముడూ. ఫొటో మాత్రం కత్తిరించి వాళ్ల ఇంటికి ఇవ్వు. మిగతా ఎనిమిది తలకాయలు వడ్ల మీద కప్పడానికి పనికొస్తాయి.

మండీ_కిరాణం
తీసెయ్. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు. నాకు ఆయనంటే పడదని వాడకట్టంతా తెలుసు, నమ్ముతారు.

ఎనుమాముల_మిర్చి
@మండీ_కిరాణం అన్నా నువ్వు గ్రేట్.

మత్తడి_పోరడు
తీసేశాను. పొద్దున నాలుగున్నరకు. కుక్క ఒక్కటే చూసింది. కానీ మేకులు లాగేటప్పుడు రెండు చోట్ల రాయి అంచు పెచ్చులూడింది. సిమెంటు పెట్టి పూడ్చనా?

సైటింజనీర్
సిమెంటు జోలికి పోకు!! ఆ గోడ రాతికోట లాగే, రాయి మీద రాయి. మధ్యలో సున్నం కూడా లేదు. సందులు ఉంటేనే వెనకున్న నీరు బయటికి వస్తుంది. నువ్వు మూసేస్తే నీరు లోపలే ఆగి గోడనే తోస్తుంది. అట్లనే వదిలెయ్యి. ఊడిన పెచ్చులు ఉంటే దాచు.

మత్తడి_పోరడు
సరే. మేకులు పదమూడు. పారేయనా?

పాత_పహాణీ
పారేయకు. సారు అయితే అర్జీకి జతచేసేవాడు. కవర్లో వేసి, మీద తారీఖు, టైం రాయి. గోడ ఫొటో తీశావా?

మత్తడి_పోరడు
తీసే ముందు నాలుగు, తీశాక ఆరు. సోమవారం పది గంటలకు ప్రజావాణికి పోతా. ఎవరొస్తారు?

తంగేడు_గునుగు
నేనొస్తా. ఈసారి పూలు లేవు.

కుంటకట్ట_కాపురం
నేను, మా నాన్న.

పాత_పహాణీ
కాయితం నేను రాస్తా. ఆదివారం పోయి గోడ, మేకుల మధ్య దూరం కొలుద్దాం, అంకెలు లేకుండా రాస్తే బాగుండదు. టేపు తెస్తా.

మత్తడి_పోరడు
ఏ టేపు? కొత్తదా, తెగిందా?

పాత_పహాణీ
తెగిందే. ఒకటి తీసెయ్యడం గుర్తుపెట్టుకో.